పెళ్ళి ఒకటి, బైట్లు నలభై వేల కోట్లు: రాయగడ ఫోటో స్టూడియోలో మెమరీ, స్టోరేజ్ కేస్ స్టడీ

ఒడిశాలోని రాయగడలో ఇది ఒక మామూలు ఫోటో స్టూడియో. తెలుగు పెళ్ళిళ్ళూ ఒడియా పెళ్ళిళ్ళూ రెండూ చేస్తారు. ఆల్బమ్ డిజైన్ ఇక్కడే, ప్రింటింగ్ మాత్రం విశాఖపట్నం ల్యాబ్‌లో. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా పని వరసగా ఉంటుంది. ఆ సీజన్ మధ్యలో ఎడిటింగ్ కంప్యూటర్ మొండికేసింది.

మెషీన్ వివరాలు ఇవి. ఏడో తరం నాలుగు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ (ఒకే స్టిక్), 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ 1 టీబీ, 64 బిట్ విండోస్ 10. వేరుగా రెండు డిస్కుల నెట్‌వర్క్ స్టోరేజ్ బాక్స్ ఒకటి, కొన్ని మెమరీ కార్డులు, బజారులో కొన్న "2 టీబీ" పెన్‌డ్రైవ్.

ఫిర్యాదులన్నీ ఒకేసారి వచ్చాయి. ఆల్బమ్ షీట్ సేవ్ చేస్తుంటే ఫోటోషాప్ "స్క్రాచ్ డిస్కులు నిండిపోయాయి" అంటోంది. సిస్టమ్ ఆన్ అయి పనికి వచ్చేసరికి టీ తాగి రావచ్చు. 4కే వీడియో తీస్తుంటే కెమెరా మధ్యలో ఆగిపోతోంది. పెన్‌డ్రైవ్‌లో దాచిన పాత పెళ్ళి వీడియోల పేర్లు కనిపిస్తున్నాయి గానీ తెరుచుకోవడం లేదు. నెట్‌వర్క్ బాక్స్‌లోకి కొన్ని ఫోల్డర్లు కాపీ కావడం లేదు. వీటన్నిటికీ కలిపి యజమాని అడిగింది ఒక్కటే: "పెద్ద హార్డ్ డిస్క్ ఏసేస్తే సరిపోద్దా బాబూ?"

సరిపోదు. ఒక్కో ఫిర్యాదుకి కారణం ఒక్కో చోట ఉంది. ఏది ఎక్కడుందో తేల్చడానికి ఏదైనా కొనేముందు ఒక పెళ్ళికి ఎన్ని బైట్లు పుడతాయో, అవి ఏ దశలో ఎక్కడ ఉండాలో, ఎంత వేగంతో కదలాలో కాగితం మీద లెక్క వేయాలి. ఈ కేసంతా ఆ లెక్క మీదే నడిచింది.

ముందు డేటా, తర్వాతే రిపేరు

కంప్యూటర్ నెమ్మదించిందనగానే చాలామంది మెకానిక్కులు డిస్క్ క్లీనప్, డీఫ్రాగ్, చెక్‌డిస్క్ మొదలుపెడతారు. పాత హార్డ్ డిస్క్ విషయంలో అది ప్రమాదకరమైన అలవాటు. మొదట చూడాల్సింది స్మార్ట్ రీడింగులు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే అంకెలు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చూడవచ్చు. అందులో 5వ నంబరు, అంటే డిస్క్ ఇప్పటికే పక్కన పెట్టి బదులు చోటు ఇచ్చుకున్న సెక్టార్లు (సెక్టార్ అంటే డిస్క్ మీద డేటా దాచే చిన్న గడి). 197 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. 198 అంటే సొంత పరీక్షలో కూడా చదవలేకపోయినవి. 199 మాత్రం పెరుగుతుంటే తప్పు ఎక్కువగా డిస్క్‌ది కాదు, దాన్ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్‌ది. కేబుల్ మార్చి చూడాలి.

ఈ డిస్క్‌లో 197వ నంబరు దగ్గర 24 కనిపించింది. లెక్క 512 బైట్ల సెక్టార్లలో కాబట్టి 12,288 బైట్లు. లోపల భౌతికంగా సెక్టార్ ఒక్కొక్కటి 4,096 బైట్లు, అంటే చెడినవి మూడు. మొత్తం డిస్క్‌లో 12 కేబీ చాలా చిన్న భాగమే. కానీ పెండింగ్ సెక్టార్లు కనిపించిన డిస్క్ మీద ఇక రాయకూడదు. చెక్‌డిస్క్‌ని రిపేరు మోడ్‌లో నడిపితే అది ఫైల్ పట్టికను సరిచేసే పేరుతో అదే డిస్క్ మీద రాస్తుంది, గంటల తరబడి చెడ్డ చోట్లలోనే తల తిప్పుతుంది. ఇంకో మాట. ఫార్మాట్ చేసి అన్ని సెక్టార్లూ తిరగరాస్తే 197 సున్నాకి దిగవచ్చు. "బాగైపోయింది" అని అదే డిస్క్‌ని తిరిగి పనిలో పెట్టేవాళ్ళున్నారు. అలా పెట్టకూడదు.

చేసిన పని ఇది. విండోస్ ఆపేసి, లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, చెడుతున్న డిస్కుల నుంచి డేటా తీసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తాన్నీ కొత్త డిస్క్‌లోకి ఒకే ఇమేజ్ ఫైల్‌గా తీశాం. పాత డిస్క్‌ని యూఎస్‌బీ అడాప్టర్‌కి కాకుండా నేరుగా బోర్డ్ సాటా పోర్టుకి పెట్టాలి. చెడ్డ సెక్టార్ దగ్గర అడాప్టర్లు తరచుగా కనెక్షన్ వదిలేస్తాయి. పక్కన చిన్న ఫ్యాన్ పెట్టాలి. మొదటి విడతలో చెడ్డ చోట్లు వదిలేసి మంచివన్నీ తీసుకోవాలి, రెండో విడతలో మిగిలిన వాటిని మూడుసార్లు ప్రయత్నించాలి. ఏ చోట్లు వచ్చాయో, ఏవి రాలేదో నమోదయ్యే మ్యాప్ ఫైల్ తప్పనిసరిగా వేరే డిస్క్‌లో ఉంచాలి. కరెంటు పోయినా ఆగిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టేది దాన్నిబట్టే. సెకనుకి సగటున 100 ఎంబీ వస్తే 1 టీబీకి 10,000 సెకన్లు, దాదాపు రెండు గంటల ముప్పావు. చెడ్డ చోట్ల సమయం దీనికి అదనం.

ఆ మూడు సెక్టార్లూ చివరిదాకా రాలేదు. అవి ఏ ఫైళ్ళలో పడ్డాయో చూస్తే, రెండు ఒక వీడియోలో, ఒకటి ఒక ర్యా ఫోటోలో (కెమెరా సెన్సార్ డేటాని ఉన్నదున్నట్టు దాచే ఫైల్). వీడియోలో ఒక క్షణం గళ్ళు కనిపించి సర్దుకుంటుంది. కంప్రెస్ చేసిన ర్యా ఫైల్ అలా కాదు. పాడైన చోటి నుంచి కిందికి బొమ్మంతా చెదిరిపోతుంది. అయితే ర్యా ఫైల్ లోపల కెమెరా ఒక జేపెగ్ ప్రివ్యూ కూడా దాచి ఉంచుతుంది. ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో దాన్ని బయటికి తీయవచ్చు. ఈ ఫోటో అలాగే దక్కింది. ముహూర్తం మళ్ళీ రాదు కాబట్టి, ర్యా పోయిందని చేతులెత్తేసే ముందు ఈ దారి తప్పక చూడాలి.

931 దగ్గర ఆగిన 1,000

కొత్త డిస్క్ పెట్టగానే వచ్చే ప్రశ్నే ఇక్కడా వచ్చింది. "ఏటి బాబూ, వెయ్యి జీబీ అని కొన్నాం కదా, తొమ్మిదొందల ముప్పయ్యొకటే చూపిస్తంది?"

ఎక్కడికీ పోలేదండీ అని ఊరుకుంటే నమ్మకం కుదరదు, లెక్క చూపించాలి. 1 టీబీ డిస్క్‌లో 512 బైట్ల సెక్టార్లు 1,953,525,168 ఉంటాయి. గుణిస్తే 1,000,204,886,016 బైట్లు. తయారీదారు చెప్పిన లక్ష కోట్లకి పైగానే ఉంది. విండోస్ దీన్ని 1,000తో కాకుండా 1,024తో మూడుసార్లు, అంటే 1,073,741,824తో భాగిస్తుంది. 931.5 వస్తుంది. దాని పక్కన జీబీ అనే రాస్తుంది. చిక్కంతా అక్కడే. ఒకే ధాన్యాన్ని కుంచాలతో కొలిస్తే ఒక అంకె, కిలోల్లో తూస్తే ఇంకో అంకె వచ్చినట్టు. 1,024 లెక్కకి గిబీబైట్, టెబీబైట్ అనే వేరే పేర్లను 1998లోనే అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ఇచ్చింది. విండోస్ వాటిని వాడలేదు. ఆపిల్ 2009 నుంచి మ్యాక్‌లలో 1,000 లెక్కకి మారింది. అందుకే ఒకే ఎక్స్‌టర్నల్ డిస్క్ మ్యాక్‌లో పెడితే 1,000, విండోస్‌లో పెడితే 931.

పెద్ద యూనిట్‌కి వెళ్ళేకొద్దీ తేడా కూడా పెద్దదవుతుంది. కేబీ దగ్గర 2.4 శాతం, జీబీ దగ్గర 7.4, టీబీ దగ్గర దాదాపు 10. 64 జీబీ కార్డు 59.6గా, 8 టీబీ డిస్క్ 7.27గా కనిపించేది ఇందుకే. ర్యామ్‌కి మాత్రం ఈ తేడా ఉండదు. దాని చిప్పులు అడ్రస్ లైన్ల మీద నడుస్తాయి, ఒక్క లైను పెరిగితే చోటు రెట్టింపు. కాబట్టి 8 జీబీ స్టిక్‌లో ఉండేవి అచ్చంగా 8,589,934,592 బైట్లు.

కొనుగోలులో నష్టం తెచ్చే గందరగోళం ఇంకొకటుంది: బిట్, బైట్. ఒక బైట్‌కి 8 బిట్లు. నెట్‌వర్క్, ఇంటర్నెట్, వీడియో రేటు చెప్పేది బిట్లలో. ఫైల్, డిస్క్ చెప్పేది బైట్లలో. ఈ స్టూడియోలో నెట్‌వర్క్ బాక్స్‌కి గిగాబిట్ పోర్టు ఉన్నా కాపీ సెకనుకి 11 ఎంబీ దాటడం లేదు. 11ని 8తో గుణిస్తే 88. అంటే లింకు 100 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) దగ్గరే ఉందని ఆ అంకె చెప్పేస్తోంది. గిగాబిట్‌కి కేబుల్‌లోని ఎనిమిది తీగలూ కావాలి. నాలుగే తగిలితే 100కి దిగిపోతుంది. చూస్తే ఒక చివర క్లిప్పులో ఒక తీగ సరిగా దిగలేదు. క్లిప్పు కోసి కొత్తది కొట్టాక 110 ఎంబీ వచ్చింది. 400 జీబీకి పది గంటలు పట్టే కాపీ గంటలో అయిపోయింది. దీనికి డిస్క్ మార్చినా, ర్యామ్ పెంచినా ఉపయోగం ఉండేది కాదు.

ఒక పెళ్ళి బరువు

24 మెగాపిక్సెల్ కెమెరా. లాస్‌లెస్ కంప్రెషన్‌తో ర్యా ఒకటి సుమారు 28 ఎంబీ, పక్కనే జేపెగ్ 10 ఎంబీ. పెళ్ళికి 3,000 ఫోటోలు అనుకుంటే 114 జీబీ. వీడియోకి ఫుల్ హెచ్‌డీ 50 ఎంబీపీఎస్ రేటు, అంటే సెకనుకి 6.25 ఎంబీ, గంటకి 22.5 జీబీ, ఆరు గంటలకి 135. దాంతోపాటు 4కే రెండు గంటలు, 100 ఎంబీపీఎస్ రేటున గంటకి 45 చొప్పున 90 జీబీ. ఆల్బమ్ 40 షీట్లు, పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైల్) ఒకటి సగటున 600 ఎంబీ, మొత్తం 24. ఎడిటింగ్ ప్రివ్యూలు, తుది వీడియో కలిపి ఇంకో 30. అటూ ఇటూ 400 జీబీ. బైట్లలో చెబితే నలభై వేల కోట్లు.

విండోస్, సాఫ్ట్‌వేర్లు పోగా ఆ 1 టీబీ డిస్క్‌లో పట్టేది రెండు పెళ్ళిళ్ళే. సీజన్‌లో పన్నెండు పెళ్ళిళ్ళైతే 4.8 టీబీ.

డెలివరీ అయి ఆరు నెలలు దాటాక అన్నీ ఉంచక్కర్లేదు. జేపెగ్‌లు మొత్తం 30 జీబీ, ఆల్బమ్‌కి ఎంచిన 300 ర్యా ఫైళ్ళు 8.4, పీఎస్‌డీలు 24, మూడు గంటల తుది వీడియో 16 ఎంబీపీఎస్ రేటున 21.6. కలిపి 84 జీబీ. పన్నెండు పెళ్ళిళ్ళకి ఏడాదికి 1 టీబీ చాలు. మిగతా ఒరిజినల్ వీడియో తీసేసే ముందు పెళ్ళివారికి చెప్పి, కావాలంటే వాళ్ళ డిస్క్‌లోకి ఇచ్చి, ఒప్పుకున్నట్టు బిల్లు మీద సంతకం తీసుకోవాలి. చెప్పకుండా తీసేయడం మాత్రం తగదు. ఆ వీడియోలో ఆ తర్వాత ఇంట్లో లేకుండా పోయినవాళ్ళు కూడా ఉండవచ్చు.

షీట్ ఎందుకు ఆగిపోయింది

ఆల్బమ్ షీట్ 12×36 అంగుళాలు, 300 డీపీఐ. 3,600 × 10,800 = 3,88,80,000 పిక్సెళ్ళు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి ఒక బైట్, కాబట్టి ఒక నిండు లేయర్‌కి 116.6 ఎంబీ. పారదర్శకత ఉంటే నాలుగో బైట్, 155.5 ఎంబీ. 16 బిట్ మోడ్‌లో పెడితే అన్నీ రెట్టింపు. డిస్క్ మీద 600 ఎంబీ ఉన్న పీఎస్‌డీ తెరిస్తే ర్యామ్‌లో 600 ఎంబీయే తీసుకుంటుందనుకోవడం పొరపాటు. డిస్క్ మీద అది కంప్రెస్ అయి ఉంటుంది, తెరవగానే విచ్చుకుంటుంది. పది నిండు లేయర్లకి 1.5 జీబీ. షీట్ అంతటి మీదా చేసిన ప్రతి మార్పుకీ హిస్టరీలో ఇంకో 116 ఎంబీ దాకా చేరుతుంది. ఇరవై మెట్లకి 2.3 జీబీ. ఒక్క షీటే 4 జీబీ దగ్గరికి వచ్చేసింది. డిజైనర్ ఎప్పుడూ మూడు షీట్లు తెరిచి పెడతాడు.

8 జీబీలో విండోస్, యాంటీవైరస్ కలిపి 3 జీబీ దాకా తీసుకుంటాయి. మిగిలినదాంట్లో పట్టనిది స్క్రాచ్ డిస్క్‌కి, అంటే సీ డ్రైవ్‌కి పోతుంది. అక్కడున్న ఖాళీ 11 జీబీ. అది కూడా నిండగానే ఆ సందేశం.

నిండక ముందు కూడా పని నెమ్మదిగానే ఉంది, దానికి కారణం హార్డ్ డిస్క్ నిర్మాణం. 7200 ఆర్‌పీఎం అంటే ఒక చుట్టుకి 8.33 మిల్లీసెకన్లు, కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున అందులో సగం, 4.17. తల ఆ ట్రాక్‌కి జరగడానికి ఇంకో 9. ఒక్కో యాదృచ్ఛిక రీడింగ్‌కి 13 మిల్లీసెకన్లు, సెకనుకి 75. 4 కేబీ చొప్పున తీసుకుంటే సెకనుకి 300 కేబీ. వరసగా చదివితే 150 ఎంబీ ఇచ్చే డిస్కే చిన్న చిన్న ముక్కలకి ఇంత దిగిపోతుంది. డీడీఆర్4 2400 ర్యామ్ ఒక్క చానెల్‌లో సెకనుకి 19.2 జీబీ (2,400 మిలియన్ల బదిలీలు, ఒక్కోదానికి 8 బైట్లు), రెండు చానెళ్ళలో 38.4. ర్యామ్ నుంచి డిస్క్‌కి జారిన పని నత్తనడక అవడంలో ఆశ్చర్యం లేదు.

ఫోటోషాప్ కింద పట్టీలో ఎఫిషియెన్సీ అనే సూచిక పెట్టుకోవచ్చు. 100 శాతం ఉంటే పనంతా ర్యామ్‌లోనే జరుగుతోంది. అంతకన్నా తగ్గితే స్క్రాచ్ వాడుతోంది. ర్యామ్ కొనాలా వద్దా అని తేల్చడానికి దీన్ని మించిన కొలత లేదు. ఇక్కడ మూడు షీట్లు తెరవగానే అది 100 నుంచి పడిపోయింది. కాబట్టి కొనాల్సిందే.

పెట్టింది 16 జీబీ స్టిక్కులు రెండు, జంటగా. పాత 8కి ఇంకో 16 కలిపితే 24 అవుతుంది, కానీ కొంత భాగమే డ్యూయల్ చానెల్‌లో నడుస్తుంది. బజారులో 3200 స్టిక్కులే దొరికాయి. ఏడో తరం ప్రాసెసర్‌తో అవి 2400కి దిగి నడుస్తాయి, నష్టం లేదు. మిగిలిన 8 జీబీ స్టిక్‌ని బిల్లింగ్ కంప్యూటర్‌కి వేద్దామన్నారు. ఆ కంప్యూటర్‌లో పట్టేది డీడీఆర్3. 240 పిన్నులు, 1.5 వోల్టులు. డీడీఆర్4కి 288 పిన్నులు, 1.2 వోల్టులు. నాచ్ కూడా వేరే చోట ఉంటుంది. బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది.

బిగించే పద్ధతి. ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటు ఖాళీ చేయాలి. క్యాబినెట్ ఇనుము తాకి ఒంట్లోని స్టాటిక్ వదిలించుకోవాలి. నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది. బోర్డ్ మాన్యువల్ చూసి ఖాయం చేసుకోవాలి. రెండు చివరలా క్లిక్ మనేదాకా సమంగా నొక్కాలి. ఆన్ చేసి బయోస్‌లో 32 జీబీ, డ్యూయల్ చానెల్ చూపిస్తోందో లేదో చూసుకోవాలి. తర్వాత మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు రాత్రంతా నడపాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్ వాపసు ఇవ్వాలి. చెడ్డ ర్యామ్ చేసే కీడు హ్యాంగ్‌తో ఆగదు. కాపీ అవుతున్న ఫోటోలో ఒక బిట్ మారిపోయి, ఆ తప్పు ఫైలే బ్యాకప్‌లోకి కూడా పోతుంది. బీప్ వచ్చి ఆన్ కాకపోతే బంగారు కాంటాక్టులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. రబ్బరుతో రుద్దితే పొడి స్లాటులో పడుతుంది, ఆ తర్వాత అదే కొత్త జబ్బు.

డ్రైవ్‌ల ఎంపిక

విండోస్‌కీ స్క్రాచ్‌కీ 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే భాగాలు లేని చిప్పుల డ్రైవ్, ఎన్‌వీఎంఈ అంటే అందులో సాటా కన్నా వేగమైన రకం). నడుస్తున్న పెళ్ళిళ్ళకి 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, ఒకసారికి రెండే పెళ్ళిళ్ళు, 800 జీబీ దాటకుండా. ముగిసిన పనికి లోపలే 8 టీబీ హార్డ్ డిస్క్. బయటికి తీసుకెళ్ళడానికి 8 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్.

రెండో ఎస్‌ఎస్‌డీ కూడా ఎన్‌వీఎంఈ ఎందుకు కాదంటే, ఈ పనికి లాభం లేదు. సాటా 6 గిగాబిట్ లింకు మీద నిజంగా వచ్చేది సుమారు 550 ఎంబీ. 28 ఎంబీ ర్యా ఫైళ్ళు సెకనుకి పందొమ్మిది. ఈ ప్రాసెసర్ అంత వేగంగా వాటిని విప్పలేదు. డబ్బు ర్యామ్ మీద పెట్టడం మేలు.

మదర్‌బోర్డు మీద ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాటు కనిపించిందని ఏదో ఒకటి కొనకూడదు. ఒకే ఆకారంలో, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవుతో, సాటావీ ఉంటాయి, ఎన్‌వీఎంఈవీ ఉంటాయి. ఏది నడుస్తుందో, ఏది పెడితే ఏ సాటా పోర్టు ఆగిపోతుందో మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

ఎస్‌ఎస్‌డీ సెల్‌లో ఎన్ని బిట్లు అన్నది స్టూడియోకి ముఖ్యం. టీఎల్‌సీలో మూడు, క్యూఎల్‌సీలో నాలుగు. నాలుగు బిట్లంటే ఒకే సెల్‌లో 16 వోల్టేజీ మెట్లు గుర్తుపట్టాలి, అందుకే రాయడం నెమ్మది. దాన్ని కప్పడానికి కొంత భాగాన్ని సెల్‌కి ఒక్క బిట్ చొప్పున వేగవంతమైన క్యాష్‌గా వాడతారు. పది జీబీ కాపీ చేసేవాడికి తేడా తెలియదు. కార్డుల నుంచి 225 జీబీ వీడియో ఒకేసారి దించేవాడికి క్యాష్ నిండిపోయి, వేగం హార్డ్ డిస్క్ స్థాయికి, ఒక్కోసారి అంతకన్నా కిందికి పడిపోతుంది. కాబట్టి టీఎల్‌సీయే. ఎప్పుడూ ఐదోవంతు ఖాళీగా ఉంచాలి.

అరిగిపోతుందన్న భయం అక్కర్లేదు. 500 జీబీ టీఎల్‌సీ డ్రైవ్‌కి 300 టీబీ రాతల హామీ ఉండటం మామూలే. ఈ స్టూడియో ఏడాదికి 4.8 టీబీ, స్క్రాచ్‌తో కలిపి 10 అనుకున్నా ముప్పై ఏళ్ళు. అసలు ప్రమాదాలు వేరే. ఒకటి, కంట్రోలర్ ముందస్తు సూచన లేకుండా చచ్చిపోవడం. రెండు, ట్రిమ్, అంటే తీసేసిన ఫైళ్ళ చోటుని ఖాళీ చేసుకోమని విండోస్ ఎస్‌ఎస్‌డీకి చెప్పడం. హార్డ్ డిస్క్‌లో తీసేసిన ఫైల్ దాని మీద వేరేది రాసేదాకా ఉంటుంది, ఫోటోరెక్ లాంటి ప్రోగ్రాములు వెనక్కి తెస్తాయి. కార్డులో కూడా చాలాసార్లు దొరుకుతుంది. ట్రిమ్ నడిచే ఎస్‌ఎస్‌డీలో తీసేసిన కాసేపటికే ఆ సెల్స్ ఖాళీ అయిపోతాయి, రికవరీ దుకాణం కూడా ఏమీ చేయలేదు. మూడు, కరెంటు లేకుండా బీరువాలో పడేయడం. జెడెక్ (చిప్పుల పరిశ్రమ ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం మామూలు ఎస్‌ఎస్‌డీ తన హామీ రాతలన్నీ అయిపోయాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక సంవత్సరం డేటా నిలుపుకోవాలి. వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. ఈ జిల్లా ఎండాకాలాల్లో మూసిన గదిని 30 దగ్గర ఉంచడం కుదరదు. దాచుకోవడానికి హార్డ్ డిస్కే, ఆరు నెలలకోసారి తిప్పి చూస్తూ.

8 టీబీ డిస్క్ పెట్టగానే డిస్క్ భాగాల పట్టిక ఎంబీఆర్ పద్ధతిలోనా జీపీటీలోనా అని విండోస్ అడుగుతుంది. ఎంబీఆర్ సెక్టార్ నంబర్లకి 32 బిట్లే ఇస్తుంది. 4,294,967,296 × 512 బైట్లు, 2.2 టీబీ దగ్గర ఆగిపోతుంది. జీపీటీ ఎంచాలి. కొనేటప్పుడే ట్రాకులు ఒకదానిమీద ఒకటి ఎక్కే ఎస్‌ఎంఆర్ రకం కాకుండా సీఎంఆర్ అని స్పెసిఫికేషన్ కాగితంలో చూసుకోవాలి. ఎస్‌ఎంఆర్ డిస్క్ నిండుతున్నకొద్దీ పెద్ద కాపీల మధ్యలో నిమిషాల తరబడి మొరాయిస్తుంది.

కార్డులు, పెన్‌డ్రైవ్, పేర్లు

4కే రికార్డింగ్ ఆగిపోవడానికి కారణం రెండంకెల్లో తేలిపోయింది. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 ఎంబీ. వాడుతున్న కార్డు మీద క్లాస్ 10 అని ఉంది, అంటే కనీస హామీ 10 ఎంబీ. కొత్త కార్డు హామీ కన్నా వేగంగా రాసి గట్టెక్కించేది, నిండుతూ పాతబడుతూ 12.5 కిందికి దిగగానే కెమెరా ఆపేసింది. వీ30 కార్డు, అంటే కనీసం 30 ఎంబీ, తీసుకుంటే సరిపోయింది. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో రాసేది చదివే వేగం. చూడాల్సింది వీ పక్కనున్న అంకె.

32 జీబీ కార్డులు ఫ్యాట్32 అనే ఫైల్ పద్ధతిలో ఉంటాయి, వాటిలో ఒక్క ఫైల్ 4 గిబీబైట్లకి ఒక బైట్ తక్కువ దాకానే. కెమెరా అందుకే వీడియోని ముక్కలు చేస్తుంది. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో పెద్ద వీడియో ఎక్కకపోవడానికీ ఇదే కారణం, ఖాళీ ఎంతున్నా సరే. పెద్ద ఫైళ్ళకి ఎక్స్‌ఫ్యాట్ మంచిది. చిన్న ఫైళ్ళకి మాత్రం కాదు. 32 జీబీ పైన దాని మామూలు క్లస్టర్, అంటే ఒక ఫైల్‌కి ఇచ్చే కనీస చోటు, 128 కేబీ. 4 కేబీ థంబ్‌నెయిళ్ళు లక్ష వేస్తే అసలు బరువు 0.4 జీబీ, ఆక్రమించేది 13 జీబీ.

ఇక ఆ 2 టీబీ పెన్‌డ్రైవ్. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రామ్‌తో నింపి చదివిస్తే, విండోస్ లెక్కలో 29 జీబీ దాటాక అంతా తప్పే. లోపలున్నది 32 జీబీ చిప్పు. కంట్రోలర్‌లో అబద్ధపు సామర్థ్యం రాసి అమ్మారు. ఫైళ్ళ పేర్ల పట్టిక డ్రైవ్ మొదట్లో, నిజమైన భాగంలోనే పడుతుంది కాబట్టి పేర్లు, సైజులు చక్కగా కనిపిస్తాయి. అసలు డేటా మాత్రం గాలిలో కలిసిపోయింది లేదా ముందు రాసినదాని మీదే పడింది. 32 జీబీ దాటిన వీడియోలేవీ వెనక్కి రాలేదు, రావు కూడా. ఏ పెన్‌డ్రైవ్‌నైనా, కార్డునైనా కొన్న రోజే ఇలా నింపి చూసి, తర్వాతే పనిలో పెట్టాలి. 64 జీబీని సెకనుకి 20 ఎంబీ చొప్పున నింపడానికి గంట కూడా పట్టదు.

నెట్‌వర్క్ బాక్స్‌లోకి కొన్ని ఫోల్డర్లు ఎక్కకపోవడం వింతగా అనిపించింది, ఎందుకంటే అన్నీ తెలుగు పేర్లవే, ఇంగ్లీషు పేర్లవన్నీ ఎక్కాయి. విండోస్ ఫైల్ పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరుకి 255 యూటీఎఫ్16 యూనిట్లు, తెలుగు అక్షర సంకేతానికి ఒకటి చొప్పున. బాక్స్ లోపల లినక్స్, దాని ఫైల్ పద్ధతి ఎక్స్‌ట్4. అక్కడ హద్దు 255 బైట్లు, పేరు యూటీఎఫ్8లో. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైట్, తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు, ఒడియాకీ మూడే. అంటే 85 సంకేతాలే. ఒత్తులూ గుణింతాలూ కూడా లెక్కలోకి వస్తాయి: లక్ష్మి అంటే ల, క, విరామం, ష, విరామం, మ, ఇత్వం, ఏడు సంకేతాలు, 21 బైట్లు. వధూవరుల పేర్లు, ఇంటిపేర్లు, కల్యాణ మండపం, ఊరు అన్నీ ఫోల్డర్ పేరులో రాస్తే హద్దు దాటడం ఖాయం. పేరు ముందు తేదీ అంకెల్లో, ఆ తర్వాత వధూవరుల పేర్లు మాత్రం పెట్టి, మిగతా వివరాలు లోపల ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాయడం మొదలుపెట్టారు. తెలుగు మానేయాల్సిన పని లేదు.

బ్యాకప్

బాక్స్‌లో ఉన్న రెండు 2 టీబీ డిస్కులు రెయిడ్ 1లో ఉన్నాయి, అంటే ఒకే డేటా రెండిట్లోనూ పడుతుంది. దాన్నే బ్యాకప్ అనుకున్నారు. ఒక డిస్క్ చెడితే అది కాపాడుతుంది. తప్పుగా తీసేసిన ఫోల్డర్ రెండు డిస్కుల్లోనూ ఒకే క్షణంలో పోతుంది. ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ వచ్చినా అంతే. అందుకే ఎక్స్‌టర్నల్ డిస్క్ వారానికోసారి నింపి యజమాని ఇంటికి వెళ్ళాలి, నింపేటప్పుడు తప్ప కంప్యూటర్‌కి తగిలించి ఉండకూడదు. బాక్స్‌లో ముగిసిన పెళ్ళిళ్ళ 84 జీబీ సెట్లు మాత్రమే, ఇరవై మూడు పడతాయి.

కార్డులోంచి కాపీ అయ్యాక టెరాకాపీలో వెరిఫై ఆప్షన్‌తో సరిచూసి, రెండు చోట్ల ఉన్నాయని నిర్ధారించుకున్నాకే కార్డుని కెమెరాలో ఫార్మాట్ చేయాలి.

బ్యాకప్ ప్రోగ్రామ్ ఒక్కోసారి కొత్త షీట్లని వదిలేసి పాతవి ఉంచడం మరో సమస్య. సాయంత్రం బోర్డు స్విచ్ ఆపేసి వెళ్తారు, మర్నాడు కంప్యూటర్ గడియారం ఏళ్ళు వెనక్కి వెళ్ళి ఉంటుంది. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బటన్ సెల్ అయిపోయింది. గడియారం సర్దుకునేలోపు సేవ్ చేసిన ఫైళ్ళకి పాత తేదీ పడుతుంది, "కొత్తదే కాపీ చెయ్యి" అన్న నియమం వాటిని పక్కన పెడుతుంది. 3 వోల్టుల సెల్ మల్టీమీటర్‌లో 2.6 చూపించింది. కొత్తది వేసి, బయోస్‌లో తేదీ, బూట్ ఆర్డర్ సరిచేసి, తప్పు తేదీ పడ్డ ఫైళ్ళని వెతికి మళ్ళీ కాపీ చేశాం. కరెంటు కోతలకి 600 వీఏ యూపీఎస్ పెట్టారు, షీట్ సేవ్ చేసి సక్రమంగా షట్‌డౌన్ చేసేంత సమయం ఇస్తుంది.

ల్యాబ్‌కి పంపడంలోనూ అదే లెక్క. 40 షీట్ల జేపెగ్‌లు 25 ఎంబీ చొప్పున 1 జీబీ. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ అంటే సెకనుకి 2.5 ఎంబీ, ఏడు నిమిషాల్లోపు వెళ్ళిపోతుంది. మొత్తం 400 జీబీ పంపాలంటే 1,60,000 సెకన్లు, 44 గంటలు దాటుతుంది. ఆ పని వచ్చినప్పుడు డిస్క్‌ని విశాఖ వెళ్ళే మనిషి చేతికివ్వడమే వేగం.

పాత పెళ్ళిళ్ళ డీవీడీలు అరల్లో చాలా ఉన్నాయి. ఒక్కోదాంట్లో 4.7 జీబీ, విండోస్ లెక్కలో 4.38. వాటిని తేదీ వరసలో కాకుండా, అంచున రంగు మారినవీ, గీతలు పడినవీ ముందుగా చదివించాలి. ఒక డ్రైవ్‌లో రానిది ఇంకో కంపెనీ డ్రైవ్‌లో రావచ్చు. రెండిట్లోనూ సగం సగం వస్తే, డీవీడీకి కూడా డీడీరెస్క్యూయే వాడి, ఒకే మ్యాప్ ఫైల్ పెట్టుకుని, రెండు డ్రైవ్‌ల నుంచీ వచ్చిన సెక్టార్లను ఒకే ఇమేజ్‌లో కలపవచ్చు. ఆ పని పెళ్ళిళ్ళు లేని ఆషాఢానికి పెట్టుకున్నారు.